రొంటిన పెట్టుకున్న గుల్ల

పరదేశయ్యగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. "నడుద్దాం పద" అంటారు. ఆశ్రమం సముద్రపు ఒడ్డునే కాబట్టి నడకకు కొదవ లేదు, జవాబుకే కొరత.

ఒక ఉదయం శిష్యుడు జోగినాథం అడిగాడు. "గురువుగారూ, ఉద్యోగం వదిలాను. ఉల్లిపాయ వదిలాను. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ మాత్రం పదేళ్ళుగా నన్ను వదలడం లేదు. ఇంకెన్నాళ్ళు సాధన చెయ్యాలి?"

ధ్యానానికి కూర్చునే ముందు కూడా పంచె కుచ్చిళ్ళు సరిచూసుకునే పెద్దమనిషి అతను. ఎవరో ఏదో అన్నారేమోనన్న అనుమానంతో, పాపం, కంటినిండా నిద్రపోయిన రోజు కూడా తక్కువే.

"నడుద్దాం పద" అన్నారు గురువుగారు.

అప్పుడే వల ఒడ్డుకు లాగారు. ఇరవైమంది ఆడవాళ్ళు కూర్చుని చేపలు ఏరుతున్నారు. వల విదిల్చినచోట జోగినాథానికి ఒక గుల్ల దొరికింది. బొటనవేలికన్నా కాస్త పెద్దది, తేనెరంగు మీద సన్నటి అల్లిక. గురువుగారి పూజపీటకు బాగుంటుందనుకున్నాడు. పంచె కట్టేవాళ్ళందరూ చేసే పనే తనూ చేశాడు, దాన్ని రొంటిన దోపుకున్నాడు.

చేపలు ఏరుతున్న మాసేనమ్మ అది చూసి తట్ట వదిలేసి లేచింది.

"సామీ, పంచె ఇప్పీండి. ఆ గుల్లలో నత్త బతికే ఉంది. విషపు ముల్లు దింపిందంటే మనిషి దక్కడు."

జోగినాథం ముఖం పాలిపోయింది. అయినా పంచె ముడి మీంచి చెయ్యి తియ్యలేదు. చుట్టూ ఇరవైమంది ఆడవాళ్ళు చూస్తున్నారాయె. "ఆశ్రమానికి వెళ్ళి తీస్తానమ్మా" అన్నాడు సన్నగా.

"అందాకా అది ఆగొద్దా? అదిగో, తొండం బయటెట్టింది."

ఆ మాటతో పంచె ఎప్పుడు ఊడిందో, తను ఎంతదూరం గెంతాడో అతనికే తెలియదు. నీలం చారల లాగుతో ఇసకలో నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. మాసేనమ్మ నవ్వుతూనే కర్రతో నత్తను తట్టలోకి దొర్లించి అలల్లో విసిరి వచ్చింది. పంచె దులిపి చేతికిచ్చింది. ప్రాణం దక్కిన సంతోషంలో జోగినాథానికీ నవ్వొచ్చింది. అతను అంత హాయిగా నవ్వడం ఆశ్రమంలో ఎవరూ ఎరగరు.

తిరుగుదారిలో చాలాదూరం తేలిగ్గా, చేతులూపుకుంటూ నడిచాడు. ఆశ్రమం కనబడగానే నడక తగ్గింది. కుచ్చిళ్ళు సరిచేసుకున్నాడు.

"గురువుగారూ, ఆ ఆడవాళ్ళు ఈ సంగతి ఊళ్ళో చెబుతారంటారా?"

పరదేశయ్యగారు ఆగి, అతని నడుము వైపు చూశారు.

"అయ్యో జోగినాథం, ఆ గుల్లను మళ్ళీ ఎప్పుడు రొంటిన పెట్టుకున్నావయ్యా?"