టీవీలో కనబడని పెన్ను

అనగనగా, రాజులు పోయి కొలువులన్నీ టీవీ పెట్టెలోకి ఎక్కిన కాలంలో ఒక పట్టణం ఉండేది. అక్కడ బంగారయ్య అనే షావుకారు సిరా పెన్నులు అమ్మేవాడు. అతని కొట్లో తవిటయ్య గుమాస్తా.

టీవీలో పెద్దలు సంతకాలు చేస్తుంటే జనం వారి మొహాలు చూసేవారు. తవిటయ్య వారి చేతిలో పెన్ను చూసేవాడు. మూత అంచు, క్లిప్పు వంపు, పాళీ మెరుపు చూసి అది ఏ పెన్నో చెప్పేవాడు.

పెద్దలు పట్టిన పెన్నే తామూ పట్టాలని జనానికి ఆశ. అది కనిపెట్టిన బంగారయ్య కొట్లో టీవీ పెట్టించాడు.

ఒకనాడు కొత్త మంత్రి ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. "నల్లది, బంగారు పాళీ" అన్నాడు తవిటయ్య. నల్ల పెన్నులన్నీ అమ్ముడుపోయాయి.

ఇంకొకనాడు పెద్ద జడ్జీగారు సంతకం పెట్టారు. "ముదురెరుపు, మూతకి వెండి పట్టీ" అన్నాడు. ఎర్ర పెన్నులూ అమ్ముడుపోయాయి.

మూడోసారి ముఖ్యమంత్రి కొత్త వంతెన కాగితం మీద సంతకం పెట్టాడు. కొట్టు నిండా జనం. తవిటయ్య కళ్లు చిట్లించి చూశాడు. ముఖ్యమంత్రి అరచెయ్యి పెన్నుని పూర్తిగా కప్పేసింది.

బంగారయ్య తవిటయ్య చెవిలో గొణిగాడు. "నీలం పెన్ను అను."

నీలం పెన్నులు మెడ దగ్గర సిరా కారేవి. ఏడాదిగా ఎవరూ కొనలేదు.

"కనబడలేదు కదండీ!"

"వీళ్లకి మాత్రం కనబడిందా? అను. లేదా, రేపటినుంచి రాకు."

ఆ జీతం తప్ప తవిటయ్యకు మరో ఆధారం లేదు. పైగా ఇంతమందిలో తెలియదనడం తలవంపు. నీలం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నాకు కనబడలేదు" అన్నాడు పైకి.

జనం గొల్లున నవ్వారు. "కళ్లజోడు మార్చు తవిటన్నా!" అని ఒకడు అరిచాడు.

"నేను చూశాను! ఇదిగో, ఈ నీలం పెన్నే!" అన్నాడు బంగారయ్య.

జనం ఎగబడి కొన్నారు. కూతురి పరీక్ష కోసం పెన్ను కొనవచ్చిన భూలోకమ్మ మాత్రం చేతిలోది కిందపెట్టేసింది.

"చూసేవాడు చూడలేదంటుంటే, నువ్వెక్కడ చూశావు షావుకారూ? గల్లాపెట్టెలోనా?" అని వెళ్లిపోయింది.

తవిటయ్య కూడా కొట్టు దిగి ఇంటికి పోయాడు.

మర్నాడు టీవీలో ఆ సంతకాన్ని మొదటినుంచీ చూపించారు. ముఖ్యమంత్రి జేబు తడుముకున్నాడు. పెన్ను లేదు. పక్కనున్న బంట్రోతు జేబులోంచి బాల్ పెన్ను లాక్కుని సంతకం చేశాడు. కిళ్లీకొట్లో దొరికే పెన్ను అది!

సిరా మరకల చొక్కాలతో జనం కొట్టు మీదికి వచ్చారు. నీలం పెన్నులవాళ్లే కాదు, నల్లవి, ఎర్రవి కొన్నవాళ్లూ వచ్చారు.

"ఇవీ అబద్ధాలేనా?"

"అవి నిజమే, ఒట్టు!" అన్నాడు బంగారయ్య.

"నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. తవిటయ్య చెప్తే నమ్ముతాం."

బంగారయ్య తవిటయ్య ఇంటికి పరుగెత్తాడు. "రావయ్యా! నీ ఒక్క మాటతో నా కొట్టు నిలబెట్టు."

"వస్తానండి. కానీ నీలం పెన్నుల డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. ఇకమీదట కూడా నాకు కనబడనిది కనబడలేదనే అంటాను."

"అలాగే అను నాయనా!"

తవిటయ్య కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "నల్లది చూశాను. ఎర్రది చూశాను. మూడోది చూడలేదు."

నల్లవి, ఎర్రవి కొన్నవాళ్లు మారుమాట లేకుండా పెన్నులు జేబులో పెట్టుకుని ఇళ్లకు పోయారు. నీలం పెన్నులవాళ్లకు బంగారయ్య డబ్బు తిరిగి ఇచ్చాడు.

కనబడనిది కనబడలేదని చెప్పగలిగినవాడి మాటనే, కనబడిందన్నప్పుడు నలుగురూ నమ్ముతారు.