ఎండీ ఎండని ముక్కలు

రెడ్డెమ్మ కళ్ళు మూసుకుంటే దేవుడు కనబడడు, మునెమ్మ కనబడుతుంది. అదీ ఆమె బాధ.

మఠంలోనే ఆమె తల నెరిసింది. వంటింటి తాళంచెవి ఇన్నేళ్ళుగా ఆమె నడుముకే ఉంది. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని ధ్యానానికి కూర్చుంటుంది. నోట్లో నామం నడుస్తూనే ఉంటుంది. కాసేపటికి రెప్పల వెనక మునెమ్మ వచ్చి విస్తరి ముందు కూర్చుంటుంది. వేలికొసన పచ్చడి తీసి నాలిక్కి రాసుకుంటుంది. "అక్కా, ఒక ఉప్పుగల్లు ఎక్కువైంది" అంటుంది. అంతే. ఆ తర్వాత నామం ఎటు పోతుందో రెడ్డెమ్మకే తెలియదు.

ఓర్చుకోలేక ఒకరోజు ఈరప్ప సామి దగ్గరికి పోయింది. సామి ఆ గుట్ట మఠానికి గురువు, బాగా పెద్దాయన. అరుగు మీద కూర్చుని చిరిగిన పంచెకు కుట్టు వేసుకుంటున్నాడు.

"సామీ, నామం నోట్లోనే ఆగిపోతాంది. లోపలికి దిగడంలా. అడ్డంగా ఆ మునెమ్మ కూర్చోనుండాది."

"ఏమంటాంది?"

"ఏమంటాది, అదే మాట. ఉప్పెక్కువంట."

సామి సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని దారం ఎక్కిస్తూ అడిగాడు. "ఎక్కువైందా మరి?"

రెడ్డెమ్మకు ఒళ్ళు మండింది. "నా చేతి ఉప్పు ఎక్కువయ్యేదేంది సామీ? ఈ చెయ్యి ఏనాడైనా తప్పిందా?"

"ఆ పొద్దు నువ్వు తిన్యావా?"

"నేనెట్ల తింటా? ఆ మాట విన్నాక ఆ పచ్చడి దిక్కు చూడను కూడా చూడలా."

"సరే" అన్నాడు సామి. మళ్ళీ కుట్టు మీద పడ్డాడు. ఇంకేమైనా చెప్తాడేమోనని రెడ్డెమ్మ చాలాసేపు నిలబడింది. గొణుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది.

ఆ మఠం మదనపల్లెకు పోయే దోవ పక్కన ఒక బండగుట్ట మీద ఉంది. చుట్టుపక్కలంతా టమాటా పండించే రైతులు. ధర పడిపోయినప్పుడు కాయను దోవ పక్కన పారబోయడానికి చేతులు రాక కొందరు తెచ్చి మఠంలో దించిపోతారు. అప్పుడు మొదలవుతుంది రెడ్డెమ్మ రాజ్యం. ఎండు టమాటా పచ్చడి పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆ మాట ఊరివాళ్ళు అంటారు. ఊరివాళ్ళకంటే ముందు ఆమే అంటుంది.

కాయ కడిగి, తుడిచి, నాలుగు చెక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో ఊరెయ్యాలి. ఊట దిగాక ముక్కలు పిండి బండమీద ఎండెయ్యాలి. సాయంత్రం మళ్ళీ ఆ ఊటలోనే వెయ్యాలి. రాత్రంతా తాగుతాయి. తెల్లారి మళ్ళీ పిండి, మళ్ళీ ఎండ. ఊటంతా ముక్కకు పట్టి, ముక్క చెప్పుతోలులా సాగేదాకా ఇదే పని. ఎండ చాల్లేదు, మబ్బు పట్టింది అని రెండు పూటలకే రోట్లో వేసేవాళ్ళంటే రెడ్డెమ్మకు మహా చిరాకు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఉప్పు మొదటిరోజే పడిపోవాలి. ఎక్కువైతే వెనక్కి తీసుకోవడానికి లేదు. రుచి చూడటానికీ లేదు. ఆ మఠంలో, ఈరప్ప సామికి ముందు గురువైన పెద్దసామి సమాధికి నైవేద్యం కానిదే వండినవాళ్ళు నాలిక్కి తగిలించకూడదు. కాబట్టి ఉప్పంతా చేతి అంచనాయే. ఆ అంచనాయే రెడ్డెమ్మ గర్వం.

ఆ గర్వం మీదే మునెమ్మ చెయ్యి వేసింది. పెద్దసామి ఆరాధన రోజు, నిండు బంతిలో, అందరి ముందరా. మునెమ్మ పరాయిది కూడా కాదు. రెడ్డెమ్మ వెనకే మఠానికి వచ్చింది, ఆమె పక్కనే రోట్లో రుబ్బింది, అక్కా అక్కా అని చీర కొంగులా వెంట తిరిగింది. వేరేవాళ్ళు అనుంటే రెడ్డెమ్మ అప్పుడే నాలుగు మాటలు అని వదిలేసేది.

ఆ రోజు నుంచి మాట బందు. ఒకే పొయ్యికి చెరో పక్క కూర్చునేవాళ్ళు. గరిటె కావాలంటే రెడ్డెమ్మ గోడకు చెప్పేది. "గరిటె ఎవురి దగ్గరుందో ఇస్తే బాగుంటాది" అని. మునెమ్మ నవ్వుతూ ఇచ్చేది. ఆ నవ్వు ఇంకా మంట. చివరికి మునెమ్మకు మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కి దిగలేక, కూతురు వచ్చి కింది పల్లెకు తీసుకుపోయింది. పోయేముందు వంటింటి గడప దగ్గర నిలబడి "పోయొస్తా అక్కా" అంది. రెడ్డెమ్మ కారం జల్లిస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు. మునెమ్మ గూట్లోంచి చిన్న జాడీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని పోయింది. ఆ ఆరాధన నాటి పచ్చడే అది.

ఇంకా చెప్పుకోవాల్సింది ఈ వేసవి సంగతి.

బండమీద ముక్కలు ఎండుతున్నాయి. మునెమ్మ కూతురు కామాక్షి చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఆ చిన్న జాడీ, ఖాళీది.

"పెద్దమ్మా, అమ్మ మంచం దిగడంలా. ఏం పెట్టినా నోటికి పోవడంలా. నీ టమాటా పచ్చడి ఒక ముద్ద తినాలని ఉండాదంట."

రెడ్డెమ్మ జాడీ అందుకుని లోపలికి చూసింది. వేలితో గీరి గీరి తిన్న గుర్తులు. అడుగున పచ్చడి చుక్క కూడా లేదు. ఆమె మొహం కొంచెం మెత్తబడింది. కామాక్షి అక్కడితో ఆగుంటే కథ వేరేగా ఉండేదేమో.

"ఇన్నాళ్ళూ దాచుకోని దాచుకోని తినింది పెద్దమ్మా. మాకెవురికీ పెట్టేది గాదు. ఉప్పు ఒక గల్లు ఎక్కువుండాదని మజ్జిగన్నంలోకి నంజుకునేది."

రెడ్డెమ్మ జాడీని గూట్లో పెట్టింది.

"ముక్క ఇంకా ఎండలా. ఎండినాక పంపిస్తాలే."

"ఎండకున్నా ఏం గాదు పెద్దమ్మా. ఎట్లుంటే అట్ల ఇయ్యి."

"ఎట్లుంటే అట్ల నా చేతిమీద పోదు. మళ్ళీ మీ అమ్మ వంక పెట్టేదానికా?"

కామాక్షి బిత్తరపోయి చూసింది. మెట్లు దిగిపోయింది.

ఈ మాటలన్నీ అరుగు మీదున్న సామి విన్నాడు. సాయంత్రం కర్ర పట్టుకుని మెల్లగా బండ దగ్గరికి వచ్చాడు. చాపమీంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"బాగుండాది."

"యాడ బాగుండాది సామీ, ఇంకా నడిమధ్య నీళ్ళే ఉండాయి. బాగా ఎండాల."

సామి ఇంకో నాలుగు ముక్కలు తీసి మోదుగాకులో పెట్టాడు. ఆకు మడిచి పుల్ల గుచ్చాడు. వంటింట్లోకి పోయి, గూట్లో మునెమ్మ జాడీ మీద ఆ పొట్లం పెట్టి, వచ్చిన దోవనే పోయాడు.

దాని అర్థం రెడ్డెమ్మకు తెలియక కాదు. తెలియనట్టు గూటికి వీపు పెట్టి కూర్చుంది. తెల్లారేసరికి ఆకు ఎండి చుట్టుకుపోయింది. పొట్లం విప్పి ముక్కల్ని మిగతావాటిలో కలిపేసింది.

ఆమె మనసులో ఇంకో లెక్క నడుస్తోంది. ఈసారి పచ్చడి ఎట్లా కుదరాలంటే, మునెమ్మ ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, వంక వెతికి వెతికి, ఏదీ దొరక్క, తన నోటితోనే "ఉప్పు సరిపోయింది అక్కా" అనాలి. ఆ మాట కామాక్షి వచ్చి చెప్పాలి. అప్పుడు రెడ్డెమ్మే మెట్లు దిగి పల్లెకు పోతుంది. పోయి మంచం పక్కన కూర్చుంటుంది. కూర్చుని ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకుంది. మొదట కాస్త తిట్టాలి.

రెండు పూటలు మబ్బు పట్టింది. ఇంకెవరైనా అయితే చాలనుకునేవాళ్ళు. రెడ్డెమ్మ ఆగింది. సాయంత్రం ముక్కలు ఊటలో వేస్తుంటే సామి అరుగు మీంచే అడిగేవాడు.

"ఎండినాయా?"

"ఇంకొక్క ఎండ సామీ."

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు.

చివరికి ముక్క ఆమె అనుకున్నట్టు సాగింది. మెంతులూ ఆవాలూ వేయించి దంచింది. ఎవరినీ రోటి దగ్గరికి రానీకుండా తనే రుబ్బింది. శెనక్కాయ నూనెలో ఇంగువ తిరగమోత పెట్టి చల్లార్చింది. సమాధికి నైవేద్యం కాగానే చిన్న జాడీ నిండా కూరింది. మూతికి తెల్లగుడ్డ కట్టింది. ఇక పంపించడమే. కొత్త పచ్చడి ఒక రాత్రి ఊరితే కారం సర్దుకుంటుంది కదా అని, పొద్దున పంపిద్దామనుకుంది.

పొద్దున కామాక్షే వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. మెట్ల దగ్గరే ఆగిపోయింది, గడప తొక్కలేదు.

"అమ్మ పోయింది పెద్దమ్మా. నిన్న మధ్యాన్నం."

రెడ్డెమ్మ చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది.

"మట్టి చేసేసినాం. మూడో దినానికి ఆయమ్మకు ఇష్టమైందే పెట్టాల గదా. అందుకని జాడీకి వచ్చినా."

రెడ్డెమ్మ చేట కింద పెట్టింది. "ఏమన్నా అనిందా?"

"రోజూ అడిగేది, జాడీ వచ్చిందా అని. ముక్క ఎండుతాందంట అని చెప్పేదాన్ని. నవ్వేది. అక్క అంతేలే, బాగా ఎండితే గాని ఇయ్యదు అనేది."

రెడ్డెమ్మ జాడీని కొంగులో పట్టుకుని సామి దగ్గరికి పోయింది. ఆయన ముందు పెట్టింది. తనూ కూలబడింది.

"ఎందుకు సామీ, ఎందుకు గట్టిగా చెప్పలా నువ్వు? పంపించు అని ఒక్క మాటంటే పంపించనా?"

సామి జాడీ వైపే చూస్తున్నాడు. "నేను చెప్తే పంపించుందువు. అప్పుడది నా పచ్చడి అయ్యేది. ఆయమ్మ అడిగింది నీది."

తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"నీ అంతట నువ్వే దిగొస్తావులే అని నేనూ కాచుకోనుంటి. ఇంకొక్క పొద్దు, ఇంకొక్క పొద్దు అని. నాదీ నీ బుద్ధే అయిపోయింది రెడ్డెమ్మా."

రెడ్డెమ్మ తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో సామి కంట్లో తడి ఆమె చూడలేదు.

సామి లోపల్నుంచి వేడన్నం తెప్పించాడు. జాడీ మూతి గుడ్డ విప్పి, చెంచాతో కాస్త పచ్చడి తీసి, అన్నంలో కలిపి ముద్ద చేశాడు. దాన్ని రెడ్డెమ్మ చేతిలో పెట్టాడు.

"తిను."

"ఆయమ్మకు పెట్టకుండా నేనెట్ల తినేది సామీ?"

"ఆయమ్మ రుచి చూసి చెప్పేదానికి లేదు. నువ్వు చూసి చెప్పు."

రెడ్డెమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. నాలిక మీద అటూ ఇటూ తిప్పింది. కారం వెతికింది, పులుపు వెతికింది, మెంతి చేదు వెతికింది. కళ్ళు మూసుకుని ఉప్పు వెతికింది. ఎక్కడైనా ఒక్క వంక దొరికితే బాగుండుననుకుంది.

"ఎట్లుండాది?"

రెడ్డెమ్మ కళ్ళు తెరిచింది.

"ఉప్పు సరిపోయింది సామీ."

సామి గుడ్డ మళ్ళీ కట్టి జాడీని ఆమెకే ఇచ్చాడు. రెడ్డెమ్మ మెట్ల దాకా పోయి కామాక్షి చేతిలో పెట్టింది. ఆ పిల్ల మెట్లు దిగుతున్నంతసేపూ చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర ఎర్ర చీర కొంగు కనబడకుండా పోయాక వెనక్కి తిరిగింది.

సామి కర్ర పట్టుకుని బండ దగ్గరికి వచ్చి ఉన్నాడు. చాపమీద రెండో విడత ముక్కలు పరిచి ఉన్నాయి. ఆ పొద్దే ఊటలోంచి తీసి వేసినవి. ఆయన బండ అంచున ఆయాసపడుతూ కూర్చున్నాడు. మెడ మీద నరాలు లెక్కపెట్టేట్టు తేలి ఉన్నాయి. అవి రెడ్డెమ్మ కంటబడటం అదే మొదలు.

"నాకూ ఒక ముద్ద తినాలని ఉండాది రెడ్డెమ్మా. ఇవి ఎండినాయా?"

రెడ్డెమ్మ వంగి ఒక ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నొక్కింది. ఎర్రటి రసం మణికట్టు దాకా కారింది.

"ఎండినాయి సామీ" అంది.

ముక్కలన్నీ కొంగులోకి ఎత్తుకుని రోటి దగ్గరికి నడిచింది.