గంట కొట్టని అక్కచెల్లెళ్లు

నవ్వకు. ముందు ఆ నవ్వు ఆపి సరిగ్గా కూర్చో. కాలికి చిన్న రాయి తగిలితే వీధంతా వినేలా మూలుగుతావు. పన్ను సలిపితే ఇంటిల్లిపాదినీ లేపుతావు. నోరెత్తకుండా నీకు చాకిరీ చేసేవాళ్లు ఉన్నారో పోయారో మాత్రం ఒక్కనాడైనా తొంగిచూడవు. అరవనివాళ్లకు నొప్పి లేదనుకునే నీలాంటి బుద్ధిమంతుడే ఈ కథలో రాజు. విను.

ఒక కోటలో ఒక ఊరు. ఊరి నిండా కాలువలు. ఆ కాలువల నీళ్లే ఇంటింటికీ తిండి మోసుకెళ్లేవి, ఇంటింటి చెత్తా మోసుకొచ్చేవి. కోట వెనకవైపు పక్కపక్కనే రెండు చిన్న గదులు. ఒక గదిలో అక్క, ఒక గదిలో చెల్లెలు. చెరో జల్లెడ పట్టుకుని, తిరిగివచ్చిన నీళ్లను వడపోసి, మంచిని మళ్లీ ఊళ్లోకీ చెడును వెనక కాలువలోకీ పంపేవారు. ఊరు నిద్రపోయినా వాళ్ల చేతులు ఆగేవి కావు.

అదొక్కటే కాదు. జెండాలకు రంగు వేసేవాళ్లకు ఎరుపు ఎంత కలపాలో, కోట గోడలు కట్టేవాళ్లకు సున్నం ఎంత పట్టించాలో కబురు పెట్టేదీ వాళ్లే. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. సరిగ్గా జరిగే పని ఎవరికి తెలుస్తుంది?

రాజుకు జూదం లేదు, వేట లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే, ఉప్పు. ఉప్పు చేప, ఊరమిరపకాయ, ఆవకాయ ఊట, వీటి మధ్య ఎక్కడో అన్నం. పాయసంలో కూడా చిటికెడు పడందే చప్పగా ఉందని వంటవాణ్ణి కసిరేవాడు. రాజు తిన్నదే ఊరు తినాలన్నది అక్కడి కట్టుబాటు. కాబట్టి రాజు నాలుక చేసిన ప్రతి ముచ్చటా ఊరి కాలువల్లోకి పోయేది.

రాజుకు ఇంకొక గర్వం కూడా ఉండేది. కొలువు ముందు పెద్ద గంట వేలాడదీయించాడు. బాధ ఉన్నవాళ్లు వచ్చి గంట కొట్టాలి, రాజు విచారించాలి. గంట మోగకపోతే బాధ లేనట్టే. ఇంత చక్కని చట్టం ఏ దేశంలోనూ లేదని అతను మీసం దువ్వుకునేవాడు.

ఒకనాడు భోజనం వేళ మంత్రి పరుగున వచ్చాడు.

"ప్రభూ, వెనక గదిలో అక్క పడిపోయిందట."

"గంట కొట్టిందా?"

"లేదు ప్రభూ."

"మరి నీకెలా తెలిసింది?"

"కాలువ కాపలావాళ్లు చెప్పారు."

"వాళ్లు కొట్టారా?"

"లేదు."

"ఎవరూ గంట కొట్టకుండా జరిగింది జరిగినట్టు కాదయ్యా. ఆ ఊరమిరపకాయలు ఇటు జరుపు."

చెల్లెలు అక్కను తన గదిలోకి తెచ్చుకుని, అక్క జల్లెడ కూడా తీసుకుంది. ఒక చేత్తో ఒకటి, ఇంకొక చేత్తో ఒకటి. నీళ్లు శుభ్రంగానే వచ్చాయి. రాజు ఒక దోసెడు తాగి చూసి, "చూశావా మంత్రీ, ఒకరు ఎక్కువే ఉన్నారన్నమాట ఇన్నాళ్లూ!" అన్నాడు. ఆ తెలివికి తనే మురిసిపోయి ఇంకొక ఉప్పు చేప వేయించుకున్నాడు.

కొంతకాలానికి గంట మోగడం మొదలైంది. కాళ్ల కడియాలు ఊడిరావడం లేదని ఆడవాళ్లు కొట్టారు. కోట మీది ఎర్రజెండా ఉల్లిపొర రంగుకు వచ్చిందని సైనికులు కొట్టారు. ఒళ్లంతా దురద, గోకి గోకి చేతులు నొప్పి పుడుతున్నాయని కొందరు, కొలువు నగారా దడదడా మోగి చెవులు పగులుతున్నాయని కొందరు కొట్టారు. గోడలు వేలితో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయి, అయితే గోడలు గంట కొట్టలేవు కనుక ఆ సంగతి విచారణకు రాలేదు.

రాజు సంతోషంగా విచారణకు కూర్చున్నాడు. బాధకు ఒకరు చొప్పున పండితుల్ని నియమించాడు. పక్కవాడు తన ఆలోచన ఎత్తుకుపోతాడేమోనని నలుగురూ నాలుగు గదుల్లో తలుపులు వేసుకుని పరిశోధన చేశారు.

కాళ్ల పండితుడు కడియాలను ఎండలో కొలిచాడు, నీడలో కొలిచాడు. "ప్రభూ, కాళ్లు వాయలేదు. కడియాలు కుంచించుకుపోయాయి" అని తేల్చాడు. కడియాలు చేసేవాళ్లకు చీవాట్లు పడ్డాయి.

జెండా పండితుడు మేడెక్కి చూసి వచ్చాడు. "మన జెండా పాలిపోలేదు ప్రభూ. పొరుగురాజు జెండా మరీ ఎర్రబడింది." వెంటనే రాజు పొరుగురాజుకు మందలింపు పంపాడు. ఆయనకు అదేమిటో అర్థం కాక ఒక పెట్టె మామిడిపళ్లు పంపాడు.

దురద పండితుడు వీపు గోక్కుంటూనే విన్నవించాడు. "ఇది జబ్బు కాదు ప్రభూ, కొత్త నాట్యం." దానికి తాళం కట్టించి కొలువులో ఆడించారు. రాజు ముందు వరసలో కూర్చుని, తాళం తప్పకుండా తన మోచెయ్యి గోక్కున్నాడు.

నగారా పండితుడు, "తమ కీర్తి పెరిగింది, అందుకే చప్పుడూ పెరిగింది" అన్నాడు. నలుగురిలో అతనికే పెద్ద శాలువా దక్కింది.

రాణి ఇదంతా చూసి ఊరుకోలేకపోయింది. ఆమె పుట్టింటి వైపు నీటి జబ్బులు పరిశోధించే ఒకావిడ ఉండేది. ఆవిణ్ణి పిలిపించింది. వచ్చినావిడ శాలువా అడగలేదు, గది అడగలేదు. నలుగురు పండితులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఎవరికి వారు చూసింది చెప్పమంది. వాళ్లు ఒకరి మాట ఒకరు వినడం అదే మొదలు. తరవాత ఆవిడ వెనక కాలువ దగ్గరికి వెళ్లి నీళ్లు చూసింది. నీళ్ల మీద తెల్లగా నురగ. ఎంతసేపటికీ అణగని నురగ.

"ప్రభూ, జబ్బులు నాలుగు కావు, ఒక్కటే" అంది పరిశోధకురాలు.

"అయితే మిగతా ముగ్గురు పండితుల్ని నేనేం చేసుకోను?" అన్నాడు రాజు.

"నురగ అంటే ఊరికి వెళ్లాల్సిన సత్తువ చిరిగిన జల్లెడలోంచి జారి బయటికి పోతోందని. ఒకసారి వెనక గదికి రండి."

రాజు జన్మలో మొదటిసారి వెనక గదికి వెళ్లాడు. మూల అక్క కదలకుండా పడుకుని ఉంది. చెల్లెలు రెండు జల్లెడలూ ఆడిస్తోంది. అక్క జల్లెడకు చట్రమే మిగిలింది. చెల్లెలి జల్లెడ సగం చిరిగి, మిగిలిన సగంతో ఊరంతటి నీళ్లను వడపోస్తోంది.

"ఏమ్మా, నొప్పిగా ఉందా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ."

"విన్నారుగా!" అని రాజు వెనుదిరిగాడు.

పరిశోధకురాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇది నొప్పి పుట్టే చోటు కాదు ప్రభూ. నొప్పి పుట్టాక చూద్దామంటే అప్పటికి చూడడానికేమీ మిగలదు. చిరిగింది మళ్లీ కుట్టడం ఎవరి వల్లా కాదు. మిగిలిన సగాన్ని కాపాడుకోవడం మాత్రం మీ వల్ల అవుతుంది. ఉప్పు తగ్గించండి. నగారా నెమ్మదించనివ్వండి. ఈ సగంతోనే మీ మనవల కాలందాకా ఊరు నడుస్తుంది. లేదా, ఇది పోయిననాడు ఊరూ పోతుంది."

రాజు వెనక్కి తిరిగి వచ్చాడు. చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, "ఒట్టు. ఇకనుంచి చప్పిడి కూడే" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అన్నాడు. అందరమూ అన్నప్పుడు నిజంగానే అంటాం.

చప్పిడి కూడు మొదలైంది. ఊళ్లో కడియాలు వదులయ్యాయి. నగారా నెమ్మదించింది. చెల్లెలు అలవాటు తప్పిన నవ్వొకటి నవ్వింది. ఒక్క రాజు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఎవరో పోయినట్టు ముఖం పెట్టేవాడు. ఊరు బాగుపడుతోంది కదా, ఇప్పుడు ఒక్క ముక్క తింటే ఏమవుతుందని అతనికి తోచింది. చెడగొట్టే ఆలోచన ఎప్పుడూ బాగున్నప్పుడే పుడుతుంది.

కొలువులో రాజు మాటిమాటికీ కిరీటం సర్దుకోసాగాడు. సర్దుకున్న చెయ్యి నోటి దాకా వెళ్లేది, నోరు నెమ్మదిగా కదిలేది. ఒకనాడు ఎండకు కిరీటం వేడెక్కింది. రాజు నుదుటి మీదుగా ఎర్రటి ధార ఒకటి ముక్కు దాకా కారింది.

"ఆహా! ప్రభువు శిరస్సు నుంచి తేజస్సు స్రవిస్తోంది!" అని నగారా పండితుడు సాష్టాంగపడ్డాడు. మిగతా ముగ్గురూ అతని మీద పడ్డారు.

రాణి దగ్గరికి వచ్చి వాసన చూసింది. "తేజస్సుకు ఆవపిండి వాసనేమిటండీ?"

"నా తేజస్సు, నా ఇష్టం."

రాణి కిరీటం ఎత్తింది. లోపల ఆవకాయ ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి.

"చెల్లెలి తల మీద చెయ్యేసి ఏమన్నారు?"

"ఒక్క ముక్కకి ఊరు మునుగుతుందా?"

"ఒక్కటా? మీ నెత్తి మీద జాడీ ఉంది!"

దొరికిపోయిన దొంగకు రెండు దారులుంటాయి. సిగ్గుపడి మానేయడం ఒకటి. దొరికిపోయాను కాబట్టి ఇక దాచుకునే బాధ తప్పిందనుకోవడం రెండోది. రాజు రెండోది పట్టుకున్నాడు. ఉప్పు బండ్లు తిరిగి కోటలోకి వచ్చాయి. రాజు సంతోషంగా తిన్న ఉప్పు నీళ్లలో కలవదని నలుగురు పండితులూ కలిసి కనిపెట్టారు. వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే.

నురగ పెరిగిందని పరిశోధకురాలు వచ్చి చెప్పింది. రాజు నురగను నిషేధించాడు. మాట వినకపోయేసరికి సైనికుల చేత కర్రలతో కొట్టించాడు. కొట్టేకొద్దీ నురగ ఎక్కువైంది. తన రాజ్యంలో ఇంత పొగరు ఎవరికీ లేదని రాజు తెల్లబోయాడు.

ఆ మర్నాడు పొద్దున్నే గంట మోగింది. ఎప్పుడూ మోగినట్టు లేదు. ఆగకుండా, తొందర లేకుండా మోగుతోంది. రాజు ముద్ద చేతిలో పట్టుకునే బయటికి వచ్చాడు. గంట తాడు పట్టుకుని చెల్లెలు నిలబడి ఉంది.

"ఏమ్మా, ఇన్నేళ్లూ కొట్టని గంట ఇవాళ కొట్టావేం? ఏం కావాలి నీకు?"

"ఏమీ వద్దు ప్రభూ. ఇన్నాళ్లూ రెండు చేతుల్లోనూ జల్లెడలుండేవి. ఇవాళ చేతులు ఖాళీ అయ్యాయి. అందుకే కొట్టగలిగాను."

తాడు వదిలి ఆమె మెట్ల మీదే ఒరిగిపోయింది.

మధ్యాహ్నానికి వీధులు ఉబ్బాయి. నీళ్లకు బయటికి దారి లేదు. నల్లటి నీళ్లు గడపలు దాటి, అరుగులు దాటి, కొలువు దాకా వచ్చాయి. నలుగురు పండితులూ తలుపు చెక్కల మీద తేలుతూ, నీళ్లు పెరగలేదు, ఊరే కుంగిందని వాదించుకున్నారు. రాజు సింహాసనం ఎక్కి నిలబడ్డాడు. నీళ్లు అతని మోకాళ్ల దాకా వచ్చాయి. ఏ పండితుణ్ణీ పిలవలేదు. "ఆ అమ్మాయిని పిలవండి" అని పరిశోధకురాలి కోసం కేకలు పెట్టాడు.

ఆవిడ వచ్చింది. "నేను ముందే చెప్పానా" అని దెప్పలేదు. తన దేశం నుంచి పెద్ద ఇనపయంత్రం ఒకటి పడవల మీద తెప్పించింది. ఊరి నీళ్లను బయటికి తోడి, వడపోసి, మళ్లీ ఊళ్లోకి వదిలే యంత్రం. ఊరు మునగలేదు. బతికింది.

అయితే ఆ యంత్రానికి పెట్టుబడి రాజే. ఊరి కాలువలన్నీ రాజు నోటి దగ్గరే మొదలు కాబట్టి దాని గొట్టాలు అతని చేతికే కట్టాలి. రోజు విడిచి రోజు, పొద్దు పొడిచింది మొదలు ఎండ నడినెత్తికి వచ్చేదాకా కదలకుండా పడుకోవాలి. కదిలితే అది ఆగుతుంది, అది ఆగితే ఊరు ఆగుతుంది. అక్కచెల్లెళ్లు ఇతను నిద్రపోతున్నప్పుడూ, తోటల్లో షికారుకు వెళ్లినప్పుడూ, పొలమారేలా నవ్వినప్పుడూ ఆ పని చేశారు. యంత్రానికి ఆ మర్యాద తెలియదు.

ఉప్పు పోయింది. దానికి రాజు నిజానికి అంత ఏడవలేదు. యంత్రం నడవని రోజున లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి వచ్చే దారి ఇక లేదు కనుక, తాగే నీళ్లూ పోయాయి. చుట్టూ కాలువలున్న ఊరికి రాజు అతను. రోజుకొక చిన్న గిన్నెడు నీళ్లు కొలిచి ఇచ్చేవారు. పొద్దున్న సగం, సాయంత్రం సగం. రాణి దగ్గరుండి కొలిచేది. ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పలేదు, ఒక్క చుక్క ఎక్కువ పడలేదు.

ఆ ఏడు తొలకరి గట్టిగా కురిసింది. ఊరంతా బయటికి వచ్చి తడిసింది. రాజు కిటికీలోంచి చెయ్యి చాపాడు. అరచెయ్యి నిండింది. దాన్ని నెమ్మదిగా, ఒలకకుండా, లోపలికి తెచ్చుకున్నాడు.

రాణి వచ్చి మణికట్టు పట్టుకుంది. అరచేతిని కిటికీ బయటికి తిప్పి ఆ నీళ్లు ఒంపేసింది.

రాజు తడి చెయ్యి పెదాలకు ఆనించుకుని, వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నాడు.