ముందు విప్పింది చివర

తుమ్మలమెట్టలో కొరుపోలు వారిది తెలివైన ఇల్లని పేరు. ఆ పేరు వాళ్ళే పెట్టుకున్నారు, ఊరు కాదనలేదు, నవ్వుకుంది. పెద్దవాడు దేముడు ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోకుండా చేసేవాడు. చెప్పిన మాటకి సొంత బుర్ర కలిపితే కల్తీ అని అతని నమ్మకం. తమ్ముడు పోలినాయుడికి ఆ నమ్మకం కూడా అక్కర్లేదు. అన్న ఎటు నడిస్తే అటే.

ఆ ఏడు చెరకు నరికి కళ్ళంలో కుప్ప వేశారో లేదో, గానుగ ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎప్పుడో ఒక లారీలోంచి తీసి గానుగకి బిగించినది. ఇంకేముంది, తల్లి ఎర్రమ్మ కుప్ప పక్కన కూలబడింది. నరికిన చెరకు ఎండలో పడుంటే రసం పులుస్తుంది. పులిసిన రసం బెల్లం కాదు.

"ఏడాది కష్టంరా నాయినా! ఒక్క సుక్క రసం నేలపాలయ్యిందా, మనం కూడా నేలపాలే," అంది.

మెకానిక్ గౌరీసు వచ్చి ఇంజను తట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇది ఇంక లెగదు. రోడ్డు మీద పాత లారీల యార్డుంది కదా, ఇంకోటి ఏరుకొచ్చీండి. రేపు సాయంత్రానికి బిగించీసి గానుగ తిప్పీసుకుందాం. యార్డోడు మంచిదంటే నమ్మీకండి. ఇంజను ఏడెక్కకుండా సూసుకోండి. ముఖ్యం, ఇప్పినప్పుడు వరస గుర్తెట్టుకోండి. ముందు ఇప్పింది సివర బిగించాల. వరస తప్పితే పేలిపోద్ది."

"అంతేనా?" అన్నాడు దేముడు. ఇంత చిన్న పనికి తనలాంటివాణ్ణి పంపుతున్నందుకు కొంచెం నామోషీ అనిపించింది.

తెల్లారగట్ల కొట్టంలో ఎడ్ల పలుపులు విప్పి బండికి కడుతూ, తమ్ముణ్ణి అడిగాడు.

"ఒరే పోలీ, ముందు ఇప్పింది ఏటి?"

"ఎడ్లు అన్నా."

"గుర్తెట్టుకో."

దారిలో ఆకలేసి చద్దిమూట విప్పారు. అదీ గుర్తుపెట్టుకున్నారు.

యార్డులో లారీలు తుప్పుపట్టి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. యార్డు ఆసామి వీర్రాజు ఎదురొచ్చి, రంగు కొట్టిన ఇంజను ఒకటి చూపించాడు.

"బంగారంలాంటి ఇంజను బాబూ! కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి."

"మంచిదంటన్నాడన్నా," అన్నాడు పోలినాయుడు గుసగుసగా.

"అయితే వొద్దు," అన్నాడు దేముడు.

ఇంకోటి చూపించాడు. అదీ మంచిదే అన్నాడు. అదీ వద్దన్నారు. వీర్రాజుకి తిక్క రేగింది. మూల గోనెపట్టా కప్పిన ఇంజను ఒకటి దేముడి కంటబడింది. అది వీర్రాజు తన బావమరిది కోసం దాచుకున్నది. "అదా? అది చచ్చిపోయింది బాబూ, ఇనుముకి తప్ప పనికిరాదు," అన్నాడు.

అంతే. దేముడు వెళ్ళి దాన్ని కావలించుకున్నాడు.

"మంచిదనలేదు! ఇదే కావాల!"

చచ్చిందని నోటితో అన్నాక వీర్రాజు ఇంక కాదనలేకపోయాడు. దేముడు దాని బోల్టులు ఒక్కొక్కటే విప్పి, పాటలా వల్లెవేస్తూ తమ్ముడి పంచె కొంగున మూటకట్టాడు. కూలీలు గొలుసేసి ఎత్తి బండిలో దించారు.

మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. దేముడు ఇంజను మీద చెయ్యేసి ఉలిక్కిపడ్డాడు. "ఓలమ్మో, ఏడెక్కిపోతంది!" ఇంకేముంది, తలపాగా తడిపి చుట్టారు. తాటాకు విసనకర్రతో పోలినాయుడు విసిరాడు. అయినా చల్లబడకపోతే, దారిలో ఒకావిడ అమ్ముతున్న మజ్జిగ కుండంతా కొని ఇంజనుకి తాగించారు. వాళ్ళు మాత్రం ఒక్క గుక్క ముట్టుకోలేదు. దేముడికి నాలుక పిడచకట్టింది గానీ, జబ్బు మనిషి ముందు తాగితే బాగుండదని ఊరుకున్నాడు.

ఇల్లు చేరారు. కాడి దించగానే గౌరీసు ఇంజను మీద పడ్డాడు. లోపల్నుంచి కరివేపాకు రెబ్బ ఒకటి తీసి, అన్నదమ్ముల్ని ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా కిరసనాయిలుతో కడగడం మొదలెట్టాడు.

ఎడ్లు రెండూ తిన్నగా చెరకు కుప్ప దగ్గరికి నడిచాయి. పోలినాయుడు పలుపు పట్టుకుని లేచాడు. దేముడు వాడి రెక్క పట్టుకుని లాగాడు.

"ఏటి సేస్తన్నావురా? ముందు ఇప్పింది ఏటి?"

"ఎడ్లు."

"మరి కట్టాల్సింది ఎప్పుడు?"

"సివర."

"ఇప్పుడు కట్టీసినావంటే ఇంజను పేలిపోద్ది. గౌరీసు మావ పేనం పోద్ది!"

పోలినాయుడు పలుపు పక్కన పడేసి కూర్చున్నాడు. ఎడ్లు కరకరా నములుతున్నాయి. ఈలోగా మేత నుంచి తిరిగొస్తున్న ఊరి గేదెలు ఆ చప్పుడు విని కళ్ళంలోకి మళ్ళాయి.

"అన్నా, గేదెలో?"

దేముడు బాగా ఆలోచించాడు. "అవి మనం ఇప్పినవి కావు. వాటి వరస మనకి తెల్దు. ముట్టుకోకు."

గౌరీసు ఇంజను కింద దూరి ఉన్నాడు, అతనికేం తెలుసు? ఎర్రమ్మ ఊళ్ళో బెల్లం పెనం అడగడానికి పోయింది. ఆఖరి బోల్టు బిగిసింది. దేముడు వెళ్ళి ఖాళీ చద్దిమూట ముడేశాడు. తర్వాత ఎడ్లని కొట్టానికి తోలుకెళ్ళి కట్టేశాడు. అవి కదల్లేక కదిలాయి. గౌరీసు తిప్పగానే ఇంజను గుప్పున అందుకుంది. ఆ చుట్టుపక్కల అంత బాగా ఆడిన ఇంజను లేదు.

"చెరకు పెట్టండి!" అని అరిచాడు గౌరీసు.

కళ్ళంలో నాలుగు ఆకులున్నాయి.

అప్పుడే పెనం నెత్తిన పెట్టుకుని వచ్చిన ఎర్రమ్మ కళ్ళం చూసింది. కొట్టంలో పొట్టలుబ్బిన ఎడ్లని చూసింది. పెనం దించి భోరుమంది.

"ఇంకేటి సేత్తారు! ఎల్లండి, కుండలట్టుకుని ఆటి ఎనకాల కూకోండి! దిగినకాడికి పట్టుకోండి!"

దేముడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క చుక్క నేలపాలు కాకుండా దారి ఉండనే ఉంది, అమ్మ తెలివే తెలివి. పొయ్యి రాజేసి పెనం ఎక్కించాడు. కుండ పట్టుకుని ఎడ్ల వెనక బాసిపట్టు వేసుకు కూర్చున్నాడు. అంతలో సగం చెరకు, ఇళ్ళకి పోయిన ఊరి గేదెల్లో ఉందని గుర్తొచ్చింది. వెంటనే తమ్ముడి భుజాన కుండల కావిడి పెట్టి ఇంటింటికీ తోలాడు. వాడు వీధి మలుపు తిరుగుతుంటే వెనకనుంచి కేకేశాడు.

"వరస తప్పీకురోయ్! ముందు తిన్న గేది కాడికి సివర ఎల్లు!"