ఈరమ్మ కాలినొప్పి

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. అడవి అంటే అంతా పచ్చని చెట్లే అనుకునేరు, అందులో సగం రాళ్ళగుట్టలే. ఆ గుట్టల్లో ఒక గుహలో ఈరమ్మ అనే ఎలుగుబంటి, దాని కూతురు ఇప్పి ఉండేవి.

ఎలుగుబంటి తల్లులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి. ఈరమ్మకు మొదట ఇద్దరు పిల్లలు. ఒకరోజు పెద్దపిల్ల వీపు దిగి చెదలపుట్ట దగ్గర ఆడుకుంటుంటే అడవికుక్కల మంద వచ్చి ఎత్తుకుపోయింది. ఆనాటి నుంచి ఈరమ్మ ఇప్పిని నేల మీద కాలు పెట్టనివ్వలేదు.

"నా వీపు ఉండగా నీకు నేలెందుకే?" అనేది.

ఇప్పి పెరిగింది. తన ఈడు పిల్లలు సొంతంగా పుట్టలు తవ్వుకు తింటున్నా, ఇప్పి మాత్రం తల్లి జూలు పట్టుకుని పైనే కూర్చునేది. అక్కడ వెచ్చగా ఉండేది. చీమలు కుట్టేవి కావు, రాళ్ళు గుచ్చుకునేవి కావు.

ఆ ఎండాకాలం ఈరమ్మ కుంటడం మొదలుపెట్టింది. కుడి వెనక కాలు. తుంటి దగ్గర మొదలై మడమ దాకా ఒకటే సలుపు. పొద్దున్నే లేస్తే నాలుగడుగులు వెయ్యడానికి గుహ గోడ పట్టుకోవలసి వచ్చేది. వారం గడిచింది, పక్షం గడిచింది, తగ్గలేదు.

ఇప్పికి తల్లంటే ప్రాణం. "అమ్మా, ముళ్ళపంది మామ దగ్గరికి పోదాం. ముళ్ళ సంగతి మామకే తెలుసు" అంది.

"సరే, ఎక్కు" అంది ఈరమ్మ.

ముళ్ళపంది పాదం తిప్పి చూసి, వేళ్ళ సందులోంచి తుమ్మముల్లు ఒకటి లాగింది. "ఇదే నీ నొప్పి" అంది. రెండు రోజులు హాయిగా ఉంది. మూడోరోజు మళ్ళీ సలుపు.

ఇప్పి ఏడ్చింది. "తాబేలు తాతను అడుగుదాం" అంది. ఈరమ్మ దాన్ని ఎక్కించుకుని వాగు దాకా కుంటుకుంటూ పోయింది.

"గుహలో తడి నేల మీద పడుకుంటున్నావు. కీళ్ళకు చలి పట్టింది" అంది తాబేలు. ఈరమ్మ వారం రోజులు ఎండబండ మీద పడుకుంది. కాస్త వదిలినట్టే ఉండి మళ్ళీ పట్టుకుంది.

ఇక మిగిలింది ముసలి ఏనుగు. అది ఉండేది రెండు గుట్టల అవతల. సగం రోజు నడక. ఈరమ్మ దారిలో ఏడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఇప్పి వంగి, "ఇంకొంచెమే అమ్మా" అని చెవిలో ధైర్యం చెప్పింది.

ఏనుగు వాళ్ళను దూరం నుంచే చూసింది. దగ్గరికి వచ్చాక పాదం వైపు చూడనేలేదు.

"పాదం చూడవా పెద్దమ్మా?" అంది ఇప్పి, వీపు మీద నుంచే.

"నొప్పి కాలిది, జబ్బు కాలిది కాదు" అంది ఏనుగు. "నడుములో నరం నలిగితే బాధ మడమ దాకా దిగుతుంది. దుంగలు మోసిన రోజుల్లో నాకూ అలాగే అయింది. ఈరమ్మా, నువ్వేం మోస్తున్నావు?"

ఈరమ్మ తల దించుకుంది.

ఇప్పికి ముందు అర్థం కాలేదు. తర్వాత తన కాళ్ళు చూసుకుంది. అవి తల్లి పొట్ట కిందకి వేలాడుతున్నాయి.

"బరువేం లేదు. అదింకా పసిది" అంది ఈరమ్మ.

"పసిదైతే నీ నడుము ఇంత వంగదు తల్లీ. ఇంకా చెయ్యి దాటిపోలేదు. ఇవాళే దించు. నెల తిరిగేసరికి సర్దుకుంటుంది."

ఇప్పి చప్పుడు చెయ్యకుండా దిగింది. ఇంటిదారి పట్టాయి. దాని పాదాలు లేత ఆకుల్లా ఉన్నాయి. బండలు కాలాయి, చీమలు పట్టాయి. మొదటి గుట్ట ఎలాగో దాటింది. రెండో గుట్ట మొదట్లో కూలబడింది.

"అమ్మా, కాళ్ళు మంట."

తల్లి దాన్ని చూడలేకపోయింది. "ఎక్కు" అంది.

"రేపటి నుంచి నడుస్తానమ్మా. నిజంగా నడుస్తాను."

"అలాగేలే, ఎక్కు."

ఇప్పి ఎక్కింది. తన కింద తల్లి ఒళ్ళు ఒక్కసారి కుంగడం దానికి తెలిసింది. తెలిసినా దిగలేదు. కళ్ళు మూసుకుంది.

గుట్ట దిగేటప్పుడు, రాళ్ళు జారే వాలు దగ్గర, ఆ కుడికాలు నిలవలేదు. ఇద్దరూ దొర్లిపోయారు. తల్లి ఒంటి మీద పడింది కాబట్టి ఇప్పికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఈరమ్మ లేవలేదు. వెనక కాళ్ళు రెండూ కదల్లేదు.

ముందు కాళ్ళతో పాకి ఒక బండ నీడకు చేరింది. ఆ మరునాటి నుంచి ఇప్పి నడిచింది. తునికిపళ్ళు నోట కరుచుకుని తెచ్చింది. పుట్టలు తవ్వడం నేర్చుకుంది. ఒకరోజు అడవికుక్కలు ఎదురయ్యాయి. ఇప్పి రెండు కాళ్ళ మీద లేచి గుర్రుమంటే, దాని ఎత్తు చూసి అవి పక్కకు తప్పుకున్నాయి. ఆ కబురు చెప్పినప్పుడు ఈరమ్మ కూతుర్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఏదీ, పాదాలు చూపించు" అంది.

ఇప్పి చూపించింది. అన్నీ పగుళ్ళే, నెత్తురు గడ్డకట్టి ఉంది. ఈరమ్మ మెడ చాచి, ఒక్కో పాదం నాకి శుభ్రం చేసింది.

"ఆరోజే నడిచి ఉంటే అమ్మా..." అంది ఇప్పి.

"ఎక్కమంది నేనే కదే" అంది ఈరమ్మ.

తొలకరి పడిన వారానికి ఈరమ్మ చనిపోయింది. ఇప్పి మూడు రోజులు ఆ బండ దగ్గరే కూర్చుంది. నాలుగోరోజు ఆకలి లేపింది. రాళ్ళ వాలు మీద ఒక్కో అడుగే చూసుకుంటూ, ఒక్కతే గుట్ట దిగింది.

నీతి: మనవాళ్ళు కుంటుతుంటే పాదంలో ముల్లు వెతికి ఊరుకోకూడదు, వాళ్ళ మీద మన బరువెంతో కూడా చూడాలి. తెలిసిన రోజునే దిగాలి, రేపటికి ఆగకూడదు.