రబ్బరు తిన్న మార్కులు

నలభైకి ఇరవై రెండు.

హైమవతి ఆ అంకెను నోటీసు బోర్డు మీద మూడుసార్లు చూసింది. జనం పల్చబడ్డాక మళ్ళీ వెళ్ళి, తన పేరు మీద వేలుపెట్టి అడ్డంగా జరుపుకుంటూ వచ్చి నాలుగోసారి చూసింది. ఇరవై రెండే. సాలూరు బడిలో పలక పట్టిన నాటినుంచి ఆ పిల్లకి అంత తక్కువ మార్కులు ఎప్పుడూ రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుస్తున్నట్టు నటించింది.

పోతే పోయాయని ఊరుకునే మార్కులు కావవి. ఆ రేవు పట్నం కాలేజీలో మొదటి ఏడాది సముద్ర శాస్త్రం చదివేవాళ్ళలో ఎవరికి మొత్తం మార్కులు ఎక్కువొస్తే వాళ్ళని, ఆ ఒక్కరినే, పరిశోధన ఓడ ఎక్కిస్తారు. పది రోజుల ప్రయాణం. కొండల నడుమ పెరిగి, పద్దెనిమిదేళ్ళొచ్చాక మొదటిసారి సముద్రం చూసిన హైమవతి, చూసిన రోజే ఆ ఓడ ఎక్కి తీరాలనుకుంది. ఎక్కేసినట్టే వాళ్ళమ్మకు ఫోన్లో చెప్పేసింది కూడా. ఆవిడ వాంతుల మాత్రలు కొని పంపించింది.

పాఠం చెప్పేది సన్యాసిరావు మాస్టారు. పేరుకే సన్యాసి. ఇంట్లో భార్య, ముగ్గురు కూతుళ్ళు, సెలవులొస్తే అరడజను మనవలు. మొదటి రోజు ఆయన క్లాసుకొచ్చి పాఠం చెప్పలేదు. తలా ఒక కాగితం పంచి, చదువుకోండని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డారు. కాగితం మీద ఎడమపక్క 'నేను ఆశించేది' అని, కుడిపక్క 'మార్కులు' అని రాసుంది. రెండు పరీక్షలు, చెరో ముప్పై. రికార్డుకి నలభై. రికార్డు దగ్గర ఆశించేది అన్నచోట రెండే మాటలున్నాయి: చూసింది రాయండి.

హైమవతి ఆ కాగితాన్ని హాస్టల్ గదిలో మంచం పైన అంటించుకుంది. కుడిపక్కది కంఠతా వచ్చేసింది. ఎడమపక్కది చదవలేదని కాదు. చదివి, ఇందులో పెద్దగా ఏముందిలే అనుకుంది.

రేవు మెట్ల పక్కన నీళ్ళలో ఒక కొలకర్ర పాతి ఉంది, మీటర్లకీ సెంటీమీటర్లకీ గీతలు పెట్టి. నెల రోజులపాటు ఎవరి వేళకి వాళ్ళు వెళ్ళి నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి రావాలి. అదీ రికార్డు. హైమవతి వంతుకి పొద్దున్న ఆరుగంటల వేళ వచ్చింది. నిద్ర చాలక కళ్ళు మండినా ఒక్కరోజు మానలేదు. ఆమె రికార్డు చూడముచ్చటగా ఉంటుంది. స్కేలుతో కొట్టిన గళ్ళు, ఎర్రసిరాతో శీర్షికలు, కొట్టివేత అన్నది లేదు. చివర్న గీసిన గ్రాఫులో గీత ఎక్కడా ఒణకకుండా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. హాస్టల్లో పిల్లలు దాన్ని చేతులు కడుక్కుని ముట్టుకునేవాళ్ళు.

నూకరాజు రికార్డు అలా కాదు. అతను రేవు పక్క జాలరిపేట కుర్రాడు. అతని పుస్తకం ఒకసారి తడిసి ఎండింది, అంచులు అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ఒకచోట, 'అలలు జోరు, సరిగా తెలీలేదు' అని రాసుంది. ఇంకోచోట, 'రాలేదు, చెల్లికి జ్వరం' అని ఉంది. అతనికి ముప్పై ఆరు వేశారు. పరీక్షల్లో పది మార్కులు వెనకబడ్డవాడు కాస్తా మొత్తం మీద నాలుగు మార్కులు ముందుకొచ్చి ఓడెక్కేస్తున్నాడు.

"ఏం రాశావు నువ్వందులో?" అని హైమవతి ఉండబట్టలేక అడిగింది.

"నాకేటి తెల్సు హైమా? కనబడ్డదే రాసీసేను," అన్నాడు నూకరాజు. తనకే నమ్మకం కుదరనట్టు అతనూ బోర్డుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె రికార్డు చంకలో పెట్టుకుని తిన్నగా మాస్టారి గదికి వెళ్ళింది.

మాస్టారు మరచెంబులోంచి మజ్జిగ వంచుకుంటున్నారు. "ఏటమ్మా, ఇలాగొచ్చావు? కూర్చో," అన్నారు.

హైమవతి కూర్చోలేదు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. "నేను ఒక్కరోజైనా మానానా సార్? ఒక్కచోటైనా కొట్టివేత ఉందా? పట్టికతో పోల్చి చూడండి సార్, ఒక్క అంకె తేడా ఉంటే నాకు ఆ ఇరవై రెండు కూడా వద్దు!"

పట్టిక అంటే ఆటుపోట్ల పట్టిక. ఏ రోజు ఏ వేళకి నీళ్ళు ఎంత ఎత్తున ఉంటాయో లెక్కగట్టి ఏడాదికి ముందే అచ్చువేస్తారు. లైబ్రరీలో ఉంటుంది.

"తేడా లేదమ్మా," అన్నారు మాస్టారు. "చూసేను. ఒక్క అంకె కూడా తేడా లేదు."

"మరి?"

ఆయన మజ్జిగ తాగి, గ్లాసు పక్కనపెట్టి, చెయ్యి చాపారు. రికార్డు అందుకుని ఒక్కొక్క పేజీ తిప్పుతూ పదిహేడో రోజు దగ్గర ఆగారు.

"ఆవేళే కదూ నువ్వు ఒక్క చెప్పుతో క్లాసుకొచ్చేవు?"

హైమవతి తెల్లబోయింది. నిజమే. ఎక్కడో దూరంగా వాయుగుండం పట్టి రెండు రోజులుగా ముసురు. ఆ పొద్దున్న చెప్పులు పైనుంచి నాలుగో మెట్టు మీద విప్పి, కర్ర కనబడేలా పక్కకి వంగింది. అల వచ్చి ఒక చెప్పు పట్టుకుపోయింది. క్లాసంతా నవ్వారు.

"ఏ మెట్టు మీద విప్పేవు?"

"నాలుగో మెట్టు సార్."

"మరి ఈ పుస్తకంలో నీళ్ళు ఎక్కడున్నాయి?"

ఆమె పేజీకేసి చూసింది. ఆ అంకె లెక్కన నీళ్ళు ఆరో మెట్టు కిందున్నాయి. 

మాస్టారు డ్రాయరులోంచి పెన్సిలు తీశారు. దాని మొనని పక్కకి వాల్చి, పేజీ అంచున ఖాళీగా ఉన్న మార్జిన్లో పైనుంచి కిందికి మెల్లగా రుద్దడం మొదలుపెట్టారు, చిన్నపిల్లలు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి రుద్దినట్టు. మార్జిను నల్లబడింది. ఆ నలుపులో తెల్లటి అంకెలు ఒక్కొక్కటే తేలాయి. గాలికి కాగితం ఎగరకుండా గట్టిగా అదిమి రాసిన అంకెలు. మీటరూ డెబ్బై. ఒకటీ తొంభై. ఒకటీ ఎనభై.

అవి హైమవతి అంకెలే. రోజూ మెట్ల మీద నిలబడి, అల ఎక్కినప్పుడొకటి, దిగినప్పుడొకటి, పెన్సిలుతో మార్జిన్లో రాసుకునేది. గదికొచ్చాక పట్టిక తీసి పక్కన పెట్టుకునేది. ఎప్పుడూ ఎంతోకొంత తేడా ఉండేది. తనే సరిగ్గా చూసి ఉండదు, ఏ అల దగ్గరో పొరబడి ఉంటుంది అనుకుని మార్జిను చెరిపేసి, పట్టికలో ఉన్నదే గడిలో పెన్నుతో అందంగా దించేది.

"ఎందుకు చెరిపేవమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"అచ్చులో ఉన్నది తప్పెందుకవుతుంది సార్?" అంది హైమవతి నెమ్మదిగా. "నేను సముద్రం చూసి ఇంకా మూడు నెలలేగా. తప్పు నాదే అనుకున్నాను."

మాస్టారు తల ఊపారు. తక్కిన రోజుల మార్జిన్లు రుద్దలేదు. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చారు.

"ఇరవై రెండూ నీ పెన్సిలుకి వేసేను. మిగతావి రబ్బరు తినేసింది."

ఆమెకు ఏడుపు రాలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. కాలేజీ మెట్లు దిగుతుంటే అవమానం కూడా అనిపించలేదు. తను ఆ పొద్దున్న సరిగ్గానే చూసింది! పోయిన చెప్పే సాక్షి. ఆ మాట మనసులో పదిసార్లు అనుకుంది, అనుకున్నకొద్దీ గుండె తేలికపడింది. గదికి వెళ్ళి వాంతుల మాత్రల పొట్లం నూకరాజుకి పంపించింది. పుట్టిందగ్గర్నుంచీ పడవల్లో తిరిగినవాడికి అవెందుకో అతనికీ అర్థంకాలేదు, కాని తీసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత, మార్కులూ రికార్డూ అన్నీ అయిపోయాక, హైమవతి సాయంత్రం పూట రేవుకి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. కొత్త చెప్పులు రెండూ బాగా పైమెట్టు మీద విప్పి కిందికి దిగింది.

మాస్టారు అక్కడే ఉన్నారు. నాలుగయ్యేసరికి ఆయన రేవు మెట్ల మీద ఉంటారని, ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఆ వేళకి నీళ్ళు చూసి రాస్తున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒళ్ళో ఉంది.

"ఎంతుందో చూడమ్మా. నాకీ ఎండలో గీతలు అలుక్కుపోతున్నాయి," అన్నారాయన.

హైమవతి వంగింది. అల ఎక్కేదాకా ఆగింది, దిగేదాకా ఆగింది. అలా ఐదుసార్లు చూసి, చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసుకుని, సగటు కట్టింది.

"తొంభై రెండు సెంటీమీటర్లు సార్."

"పట్టికలో మీటరూ పది ఉన్నాది."

చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళి రబ్బరు పట్టుకుంది. పట్టుకున్నది తెలిసి ఆగింది. కర్రకేసి మళ్ళీ చూసింది. తర్వాత ఊరివైపు చూసింది. పడమటి గాలి పొద్దుటినుంచీ ఒకటే తీరున వీస్తోంది, ఒడ్డునున్న తెరచాపలన్నీ సముద్రంకేసి ఉబ్బి ఉన్నాయి.

"తొంభై రెండే సార్," అంది. "గాలి నీళ్ళని సముద్రం లోపలికి తోసేస్తోంది."

మాస్టారు కర్రకేసి చూడలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకం తెరిచి, ఆ రోజు తారీఖు వేసి ఉన్న గడి మీద వేలుపెట్టి, పెన్నుతో సహా ఆమె ముందుకి జరిపారు.

"నేనా సార్?"

"ఎల్లుండి ఓడతో నేనూ వెళ్తున్నాను కదమ్మా. ఇదివరకు ఎక్కడికైనా వెళ్తే మా ఆవిడ రాసీది. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు ఈ మెట్లు దిగనివ్వటం లేదు. ఈ పది రోజులూ నువ్వే రాయాలి."

ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకం. పేజీలు పసుపురంగుకి తిరిగాయి. అక్కడక్కడా కొట్టివేతలు, వాన చుక్కలకి అలుక్కుపోయిన సిరా, ఒకచోట 'చూడలేకపోయాను' అన్న మాట, మరోచోట ఆడ చేతిరాత. హైమవతి దాన్ని ముట్టుకోవడానికి భయపడింది.

"నాకు ఇరవై రెండేగా సార్ వేశారు?"

"అవును," అన్నారు మాస్టారు. చెయ్యి చాపారు. "ఆ రబ్బరు ఇలాగియ్యి."

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, మోకాళ్ళ మీద చేతులూని లేచి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మూడోనాడు సాయంత్రం ఓడ కదిలింది. పైన నూకరాజు రెండు చేతులూ ఊపుతున్నాడు. మాస్టారు రేవుకేసి చూడను కూడా చూడలేదు. హైమవతి నవ్వుతూ ఒకసారి చెయ్యూపి, టైము చూసుకుని వంగింది. ఓడ లేపిన అలలు మెట్లకి కొట్టుకుంటున్నాయి. అవి సర్దుకునేదాకా ఓపిగ్గా ఆగి, చూసి, పెన్నుతో రాసింది.