ఒళ్లో ఓడ

రేవులో పడవ నడిపే నూకయ్యకు తెడ్డు వేయడం కన్నా నీళ్లు తోడడమే పెద్ద పని. అడుగు చెక్క పుచ్చిపోయిందని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా జమీందారు చెవిన పెట్టలేదు.

ఒకరోజు ఆ దొరే పడవెక్కాడు. మేడలో నప్పితే కొందామని వర్తకుడి దగ్గర తెచ్చిన గంధపుచెక్క ఓడబొమ్మ ఆయన ఒళ్లో ఉంది.

"ఏరా నూకయ్యా, కొనమంటావా?" అన్నాడు నడి ఏట్లో.

నూకయ్య నీళ్లు తోడే కొబ్బరిచిప్ప కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. నీళ్లు దొర చీలమండలు దాటాయి.

"తోడవేంరా? మునిగిపోతాం!"

"నా చేతులు పడిపోయాయి బాబూ. తవరి ఒళ్లో ఓడుందిగా. అది ఒడ్డుకు చేరిస్తే తప్పకుండా కొనండి."

దొర బొమ్మను పక్కన పడేసి చిప్ప అందుకున్నాడు. "ఈ ఓడ వద్దులే! రేపే నీ పడవకు కొత్త చెక్క వేయిస్తాను, నువ్వు తోడరా!"

"ఒడ్డు చేరేదాకా తవరే తోడండి బాబూ, లేకపోతే మరిచిపోతారు" అన్నాడు నూకయ్య, మూడేళ్లలో మొదటిసారి తీరిగ్గా తెడ్డు వేస్తూ.